‘ఉంది’ని ఇక్కడ ‘ఉంది’ అంటారు

ఒక కాలంలో నన్ను చూసినవాళ్ళెవరూ “బాగున్నావా?” అని అడిగేవాళ్ళు కాదు. “థీసిస్ అయిపోయిందా?” అని అడిగేవాళ్ళు. పెళ్ళికి పోతే అక్షింతలు వేయకముందే అడిగేవాళ్ళు. చావుకి పోతే ఏడుపు కాసేపు ఆపి అడిగేవాళ్ళు. మా వీధి చివర కూరగాయల అంగడామెకి థీసిస్ అంటే ఏమిటో తెలియదు, అయినా వంకాయలు తూకం వేస్తూ “ఏం పాపా, అదింకా కాలేదా?” అని జాలిగా ముఖం పెట్టేది, నాకేదో మానని జబ్బు ఉన్నట్టు. ఆ రోజుల్లో నేను పళ్ళు బిగబట్టి “అయిపోవచ్చిందండీ” అనేదాన్ని. ఆ ఒక్క మాటతో ఎన్నేళ్ళు నెట్టుకొచ్చానో చెప్పను. చెబితే మీరూ జాలిపడతారు, అది నేను భరించలేను.

అప్పుడు తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. పొద్దున పాఠాలు, సాయంత్రం స్టడీ అవర్, ఆదివారం వస్తే స్పెషల్ క్లాసు. ఈ మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి దొరికే టైములో పరిశోధన. నా అంశం మా చిత్తూరు వైపు వాడుక మాట. మావాళ్ళు ‘ఉంది’ అనరు, ‘ఉండాది’ అంటారు. ‘ఎక్కడ, ఇక్కడ, అక్కడ’ అనరు, ‘యాడ, ఈడ, ఆడ’ అంటారు. త్వరగా రమ్మనాలంటే ‘బిన్నా రా’ అంటారు. రోట్లో నూరిన పచ్చడిని ‘ఊరిబిండి’ అంటారు. టీవీలూ ఫోన్లూ వచ్చి ఈ మాటలన్నింటినీ మింగేస్తున్నాయనీ, అవి పోకముందే పట్టుకుని పుస్తకంలో పెట్టేయాలనీ నాకు ఒకటే ఉబలాటం. నా గైడు మంచి మనిషి. అధ్యాయం ఇస్తే “చూద్దాంలేమ్మా” అనేవారు. ఎప్పుడు చూస్తారు సార్ అంటే “చూద్దాం” అనేవారు. ఆయనకు మేమంతా చూద్దాం సారు అని పేరు పెట్టుకున్నాం. (ఆయనకీ తెలుసు. తెలిసినా ఏమీ అనలేదు. ఆ సంగతి కూడా తర్వాత చూద్దామనుకుని ఉంటారు.)

మాటలు సేకరించడానికి నేను ఎంచుకున్నది వడమాలపేటలో ఉండే మా అమ్మమ్మని. మేము ఆమెని అవ్వ అంటాం. అవ్వ నోరు తెరిస్తే చాలు, ఒక అధ్యాయానికి సరిపడా మాటలు రాలతాయని నా ధీమా. తీరా ఫోన్ ముందు పెట్టి “మాట్లాడవ్వా” అంటే కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, “మేము పొద్దున్నే లేచి స్నానము చేసి కాఫీ తాగెదము” అని వార్తలు చదివినట్టు మొదలుపెట్టింది. నేను తల పట్టుకున్నాను. “అవ్వా, మామూలుగా మాట్లాడు” అంటే, “రికార్డులో మామూలుగా మాట్లాడితే నలుగురూ నవ్వరా?” అనింది. పండక్కి కట్టుకునే చీరలాగా ఆమె దగ్గర మాటలు కూడా రెండు రకాలున్నాయని అప్పుడర్థమైంది. చివరికి నాకు దొరికిన దారి ఒక్కటే: అవ్వ ఎవరినైనా తిట్టేటప్పుడు రికార్డు చేయడం. కోపంలో మాత్రం ఆమెకు ఫోను గుర్తుండేది కాదు. అందుకే నా పరిశోధనలో సేకరించిన సంభాషణలన్నీ దాదాపు తిట్లే. కుళాయి దగ్గర బిందె ముందుకు జరిపిన పక్కింటామెను తిట్టినవి, చిల్లర సరిగ్గా ఇవ్వని పాలాయన్ని తిట్టినవి, మా తాతయ్యని ఊరికే తిట్టినవి. అచ్చంగా వడమాలపేట గాలి, నీళ్ళు కలిసిన మాటలు అవి. వింటూ రాసుకునేటప్పుడు నవ్వలేక కడుపు పట్టుకునేదాన్ని.

అట్లా నవ్వుకుంటూ, మధ్యలో పెళ్ళి చేసుకుని, గడువు పొడిగింపులు అడుక్కుంటూ ఉండగా, ఒకరోజు యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇదే ఆఖరు పొడిగింపు, ఫలానా సోమవారం సాయంత్రం ఆఫీసు మూసేలోపు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అంటే అన్నేళ్ళ చాకిరీ, అవ్వ తిట్లు, కూరగాయల అంగడామె జాలి, అన్నీ బూడిదలో పోసిన పన్నీరే. చేత్తో రాసిన కాగితాల కట్టనంతా ఎత్తుకుపోయి యూనివర్సిటీ దగ్గరున్న డీటీపీ అంగడిలో ఇచ్చాను. ఆయన్ని అందరూ డీటీపీ అన్న అనేవాళ్ళు. చెయ్యి వేగం, నోరు అంతకంటే వేగం. ఎప్పుడడిగినా “అయిపోయినట్టే మేడమ్, ఊరికే ప్రింటు గొట్టేదే” అనేవాడు. వారాలు గడిచినా ఊరికే ప్రింటు కొట్టేదే మిగిలి ఉండేది.

ప్రూఫులు చేతికొచ్చే సమయానికి నాకు ఇంటర్ పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. పొద్దున పోతే సాయంత్రానికి కళ్ళు కనిపించేవి కాదు. ఇంటికొచ్చి ప్రూఫులు ముందేసుకుని బిక్కముఖం పెట్టుకుని కూర్చుంటే మా మామ, అంటే మా ఇంటాయన నాన్న, చూశారు. ఆయన చిత్తూరులో హైస్కూలు తెలుగు పండితుడిగా రిటైరై మాతోనే ఉండేవారు. బడిలోనే కాదు, ఇంట్లోనూ ఆయన నోట వాడుక మాట ఒక్కటి కూడా నేను వినలేదు. కాఫీ చల్లారితే, “అమ్మాయీ, కాఫీ చల్లారిపోయింది, కొంచెం వేడి చేయగలవా?” అని అచ్చేసినట్టు అడిగేవారు. చేసిన పనల్లా పిల్లల నోళ్ళలోంచి ‘ఉండాది’ని పీకి ‘ఉంది’ని నాటడమే. ఆయన నా దగ్గరికి వచ్చి, “నేనుండగా నీకెందుకమ్మా దిగులు? ప్రూఫులు ఇలా ఇవ్వు. ఒక్క అచ్చుతప్పు కూడా ఉండదు” అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత మంచి మామ దొరికారు అనుకున్నాను. (మంచివారే. ఇప్పటికీ అదే మాట. కానీ ఆ రోజు ఆ కాగితాలు ఇచ్చిన నా చేతిని ఏమనాలో నాకింకా మాట దొరకలేదు.)

గడువుకి ముందు శనివారం పొద్దున్నే కాపీలు బైండింగై ఇంటికి వచ్చాయి. ముదురు నీలం అట్ట, బంగారు రంగు అక్షరాలు, కింద నా పేరు. దేవుడి పటం ముందు పెట్టి పసుపూ కుంకుమా పెట్టాను. మా ఇంటాయన ఫోటో తీసి చుట్టాలందరికీ పంపించేశారు. నేను కాఫీ కలుపుకుని, కాళ్ళు చాపుకుని, నా పుస్తకం నేనే చదువుకుందామని ముచ్చటగా తెరిచాను. తెరిచిన పేజీలో ఇలా ఉంది: “చిత్తూరు ప్రాంతంలో ‘ఉంది’ అనే క్రియను ‘ఉంది’ అని పలుకుతారు. ఈ రెండింటి మధ్య గల భేదం గమనింపదగినది.”

కాఫీ గొంతులో అడ్డం పడింది. పేజీ తిప్పాను. “ఇక్కడి ప్రజలు ‘ఎక్కడ’ అనకుండా ‘ఎక్కడ’ అనడం ఒక ప్రత్యేకత.” ఇంకో పేజీ. “పచ్చడిని ఈ ప్రాంతంలో పచ్చడి అని పిలుస్తారు. పచ్చడి అనే పేరు ఎలా వచ్చిందో తెలియరాలేదు.” అనుబంధంలో పట్టిక ఒకటుంది, ఎడమవైపు పుస్తకాల మాట, కుడివైపు వాడుక మాట. రెండు వరుసలూ కవల పిల్లల్లా ఒకేలా ఉన్నాయి. దాని కింద నేనే రాసిన వాక్యం: “ఇంతటి వైవిధ్యం మరే ప్రాంతంలోనూ కనిపించదు.”

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా డీటీపీ అన్న అంగడికి పరుగెత్తాను. ఆయన టీ తాగుతున్నాడు. పుస్తకం తెరిచి ముందు పెడితే, చూసి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నట్టు నవ్వాడు.

“మీ మామ సారు కొన్ని పేజీలు ఎర్ర ఇంకుతో దిద్ది పంపించినాడు మేడమ్. సూస్తే అన్ని పేజీల్లోనూ అవే తప్పులు. ఒగొగటీ పట్టుకోని యాడ దిద్దేది? రీప్లేస్ ఆల్ కొట్టేసినా. బుక్కంతా ఒగే దెబ్బకి కిలీన్!”

“పాత ఫైలు ఉందా అన్నా?” అని అడిగాను.

“దాని మీదనే సేవ్ చేసినా మేడమ్. రెండు ఫైళ్ళుంటే మీకే తికమక గదా.”

అక్కడే స్టూలు మీద కూలబడి మిగతా పేజీలు తిప్పాను. ఆ రీప్లేస్ ఆల్ మహమ్మారి ఒక్క వాడుక మాటలతో ఆగలేదు. ‘ఆడ’ని ‘అక్కడ’గా మార్చమంటే కనిపించిన ప్రతి ‘ఆడ’నీ మార్చేసింది. “వీధిలో పిల్లలు అక్కడుకుంటున్నారు” అని ఉంది. “అక్కడవాళ్ళు వంటింట్లో వాడే మాటలు” అని ఒక ఉపశీర్షిక. ‘ఈడ’ పోయి ‘ఇక్కడ’ రావడంతో మా తాతయ్య బస్తాని “ఇక్కడ్చుకుంటూ” వచ్చాడు, అవ్వ తన “ఇక్కడు వాళ్ళతో” ముచ్చట్లు పెట్టింది. ఇక ‘ఆడపిల్ల’ ఉన్న ప్రతిచోటా ‘అక్కడపిల్ల’. నా గతి చూసి మిషను కూడా వెక్కిరిస్తున్నట్టుంది.

ప్రూఫు కాగితాలు ఇవ్వన్నా, దిద్దిన చోట కొట్టేసిన మాటలైనా కనిపిస్తాయి అంటే, వాటిని బైండింగతను అట్టల లోపల జిగురు పూసి అతికించేశాడట. చేత్తో రాసిన కాగితాలా? ప్రూఫులతోపాటే తిరిగొచ్చాయి, ఆ తర్వాతదంతా నా తెలివితేటలే. థీసిస్ ప్రూఫులదాకా వచ్చిందన్న సంబరంలో, ఇంకెందుకీ చెత్త అని పాత పేపర్ల అతనికి వేసేసి తలంటి పోసుకున్నదాన్ని నేనే. రికార్డులున్న పాత ఫోను మా ఇంటి నీళ్ళ డ్రమ్ములో పడి అంతకుముందే స్వర్గస్థురాలైంది. ఇన్ని దారులూ ఇంత చక్కగా మూసుకుపోవాలంటే కూర్చుని పథకం వేసినా కుదరదు.

చూద్దాం సారుకి ఫోన్ చేశాను. అంతా విని, “అయ్యో... సరే, అట్లే ఇచ్చెయ్యమ్మా” అన్నారు. “గడువు దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. లోపల ఎవరు చదువుతారు? అట్ట బాగుంది కదా?”

“అట్ట బాగుంది సార్.”

“ఇంకేం మరి. తర్వాత చూద్దాం.”

నిజం చెబుతున్నాను, నేను ఒప్పుకున్నాను. అలసిపోయాను. ఎవరు చదువుతారులే, ఇచ్చేసి పీడా వదిలించుకుందామని నిశ్చయించుకునే ఇంటికి బయలుదేరాను. ఆటోలో కూర్చుని చివరిసారిగా అవ్వ సంభాషణలు తెరిచాను. కుళాయి దగ్గర పక్కింటామెను అవ్వ తిట్టిన ఘట్టం అది. నేను రాసుకున్నది, “ఏమ్మే, నీ బిందెకేమన్నా కొమ్ములుండాయా? పొద్దు పుట్టకముందు నుంచీ ఈడ నిలబడుండేది నీ కంటికి ఆనలేదా?” అని మొదలై, ఆమె ఏడు తరాలనూ తిరిగొచ్చి ఆగే తిట్టు. పుస్తకంలో అచ్చైంది: “ఏమమ్మా, మీరు ఈ విధంగా బిందెను ముందుకు జరపడం సమంజసం కాదు. మేము చాలాసేపటి నుండి ఇక్కడ నిలబడి ఉన్నాము.” మర్యాదగా ఉండదని మామ తిట్లు కూడా దిద్దేశారు. నాకు ఒక్కసారిగా దుఃఖం పొంగుకొచ్చింది. నా పుస్తకంలో ఎవరో మర్యాదస్తురాలు కుళాయి దగ్గర నిలబడి ఉంది. మా అవ్వ ఎక్కడా లేదు. ఆటో అతను వెనక్కి తిరిగి, “ఏమైందక్కా, ఎవురన్నా పోయినారా?” అని అడిగాడు.

ఇంటికి వచ్చేసరికి మామ వాకిట్లోనే ఎదురొచ్చారు, ముఖం వెలిగిపోతూ. “ఎలా ఉందమ్మా? ఒక్క తప్పు లేదు కదా?”

మామగారి మీద అరవకూడదు. అరవలేదు. కానీ అరవకుండా ఉండటానికి నేను పడిన కష్టంతో ఇంకో పీహెచ్‌డీ చేయొచ్చు. “మామా, వాళ్ళు ఎట్లా మాట్లాడతారో అట్లాగే రాయడమే నా పని. అదే మీరు దిద్దేశారు” అన్నాను.

“మాట్లాడేటప్పుడు ఎవరెలాగైనా మాట్లాడతారమ్మా. అచ్చులోకి వచ్చేటప్పుడు మనం సరిచేయవద్దా? రేపు పెద్దపెద్దవాళ్ళు చదివి, ఈ అమ్మాయి మామ తెలుగు పండితుడట, ఇన్ని తప్పులు పోనిచ్చాడే అనుకోరా?”

“అవి తప్పులు కాదు మామా. అవే నా థీసిస్.”

ఆయన అట్టల మీది బంగారు అక్షరాలనూ నన్నూ మార్చి మార్చి చూశారు. పుస్తకం తీసుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు. “‘ఉంది’ అనే క్రియను ‘ఉంది’ అని...” అని బయటికే చదివి అక్కడ ఆగిపోయారు. మనిషి ముఖం పాలిపోయింది. “నీ కొంప ముంచాను కదమ్మా” అన్నారు. ఆ మాటతో నా కోపమంతా ఎటు పోవాలో తెలియక కళ్ళలోకి వచ్చేసింది. ఇద్దరం వాకిట్లోనే నిలబడి కాసేపు ఏడ్చాం. ముందుగా తేరుకున్నది ఆయనే. “రేపు మీ అవ్వ దగ్గరికి పోదాం. ఆమె చెబుతుంది, నేను రాస్తాను. ఆ డీటీపీ అబ్బాయిని కూడా మిషనుతో సహా అక్కడికే రమ్మను” అన్నారు.

ఆదివారం పొద్దున్నే నేనూ మామా వడమాలపేట చేరాం. నాకు ఇక్కడ ఒక విషయం తట్టి ఉండాల్సింది, తట్టలేదు. మా అవ్వకి మామ రెండు విధాలా పెద్దమనిషి: వియ్యాలవారు, పైగా బడి అయ్యవారు. ఆయన్ని చూడగానే అవ్వ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. చీరతోపాటు ఆ రెండో రకం మాటలు కూడా బయటికి తీసింది.

“అవ్వా, ఈ పుస్తకంలో నీ మాటలు మారిపోయాయి. చదువుతాను, నువ్వు ఎట్లా అంటావో చెప్పు. ‘ఇంట్లో పెరుగు ఉంది’ అని ఉంది ఇక్కడ. నువ్వేమంటావు?”

అవ్వ మామ వైపు ఓరగా చూసి, “ఉంది అనే అంటాము” అనింది.

“అవ్వా! ఉండాది అంటావు కదా!”

“అయ్యయ్యో, అలాగెవరు అంటారమ్మా? మేము ఉన్నది అని కూడా అనెదము.”

“ఊరిబిండి?”

“పచ్చడి.”

“బిన్నా?”

“త్వరితముగా.”

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నిన్నటిదాకా పుస్తకమే అబద్ధం ఆడుతోంది, ఇప్పుడు అవ్వ కూడా దానికి తోడు. తాతయ్యని పిలిచి సాక్ష్యం చెప్పమంటే, ఆయన అవ్వ ముఖం చూసి, ఎనుముకు మేత వేయాలని గుర్తొచ్చి పెరట్లోకి జారుకున్నాడు. మామ కలం పట్టుకుని వినయంగా, “పరవాలేదండీ, మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే చెప్పండి” అంటే, అవ్వ ఇంకా బిగుసుకుపోయి, “మా ఇంట ఇదే విధముగా మాట్లాడెదము అయ్యవారూ” అంటుంది. ఇద్దరూ ఒకరికొకరు మర్యాద ఇచ్చుకుంటూ ఉంటే ఎండ నడినెత్తికి వచ్చింది. తెల్లవారితే సోమవారం. కాగితం మీద ఒక్క మాట పడలేదు. పొద్దున్నే వస్తానన్న డీటీపీ అన్న పత్తా లేడు. అవ్వ అన్నం పెట్టింది. నాకు ముద్ద దిగలేదు. కంచం పక్కకి నెట్టి గోడకానుకుని కూర్చుని, అయిపోయింది, నా వల్ల కాదు, నన్నొదిలేయండి అని పైకే అనేశాను.

మామ నా వంక చూశారు. ఏమనుకున్నారో ఏమో, లేచి నిలబడి నా ఫోను తీసుకుని డీటీపీ అన్నకి కొట్టారు. అవతల ఆయన మామూలుగానే “వచ్చేసినట్టే సార్, రేణిగుంటలో పెండ్లి ఒగటుంటే...” అన్నట్టున్నాడు. అంతే.

“ఏమప్పా! యాడుండావు నువ్వు?” అని మామ అరిచిన అరుపుకి పెరట్లోంచి తాతయ్య కూడా పరిగెత్తుకొచ్చాడు. “వస్తాండా, వస్తాండా అని పొద్దుట్నుంచీ ఇదే పాట పాడతాండావే! ఈడ మా కోడలు బువ్వ గూడా తినకుండా గోడకానుకోని ఏడస్తాండాది, నీకు సీమ కుట్టినట్టన్నా ల్యా? పెండ్లీ ల్యా, పప్పన్నమూ ల్యా! బిన్నా బయల్దేరి వస్తావా, ల్యాకపోతే నేనే ఆడికొచ్చి నీ మిషను నెత్తినేసుకోని ఎత్తకరావల్నా? నాతో ఆటలాడొద్దు, సెప్తాండా!”

ఫోను పెట్టేశారు. ఆయన పెదాలు ఇంకా అదురుతున్నాయి. బడిలో పనిచేసినన్నాళ్ళూ ఆయన పిల్లల నోళ్ళలోంచి పీకేసిన మాటలన్నీ ఆయన కడుపులోనే భద్రంగా ఉన్నాయని అప్పుడు తెలిసింది నాకు. అవ్వ నోరు తెరుచుకుని చూస్తోంది. మెల్లగా చెంపన చెయ్యి వేసుకుని, “ఏమయ్యోరూ... మీరూ మా మాదిరే మాట్లాడతారా!” అనింది.

మామ తల దించుకున్నారు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని నేను భయపడ్డాను. నవ్వుతున్నారు. “ఏం జేసేదమ్మా, మా యమ్మ నేర్పించిన మాటలు. యాడికి పోతాయి?” అన్నారు.

“ఈ మాట ముందే సెప్పుంటే నేను పొద్దుట్నుంచీ ఇట్ల నాలిక్కొరుక్కుంటా మాట్లాడే పనుండునా?” అని అవ్వ మంచి చీర కొంగు దోపి చాప మీద కూర్చుంది. “సదువమ్మే, ఏముండాదో సదువు. బిన్నా కానీ!”

ఇక చూడాలి. నేను పుస్తకంలో వాక్యం చదవడం, అవ్వ “థూ, అట్లెవురంటారు?” అని అసలు మాట చెప్పడం, మామ రాయడం. రాయడం ఒక్కటేనా? “మా చిత్తూరులో దీన్ని ఇంకో రకంగా అంటారు” అని ఆయన అవ్వతో వాదనకు దిగడం. ఊరిబిండిలో చింతపండు ఎప్పుడు వేయాలన్న దగ్గర ఇద్దరికీ పెద్ద గొడవే అయింది. (థీసిస్‌కి దానితో సంబంధం లేదని నేను మొత్తుకున్నా వినలేదు.) కుళాయి తిట్టు దగ్గరికి వచ్చేసరికి అవ్వ సిగ్గుపడి ఆగిపోతే, మామే అందించారు. ఆమెకు గుర్తులేని రెండు తరాలు కూడా కలిపారు. డీటీపీ అన్న పెళ్ళి బట్టల్లోనే, నుదుటి మీద చందనంతో, మిషను ఎత్తుకుని వచ్చి పడ్డాడు. మామని చూసి అరుగు చివర ఒదిగి కూర్చున్నాడు. “ఇంగ రీప్లేస్ ఆల్ జోలికి పోయినావంటే సూడు” అని మామ అంటే, “ల్యా సార్, ఒగొగటే, ఒగొగటే” అంటూ వెలుతురు పోయేదాకా కొట్టాడు.

సోమవారం ప్రింటు, బైండింగు, సంతకాలు. బైండింగతను హడావిడిగా చేశాడు, జిగురు ఆరలేదు. కాపీలు ఒకదానికొకటి అంటుకుని విడిపోనంటున్నాయి. వాటిని పసిబిడ్డల్లా విడివిడిగా ఎత్తుకుని, ఒకటి నేను, ఒకటి మామ, ఒకటి మా ఇంటాయన, ఊదుకుంటూ ఆఫీసుకి పరిగెత్తాం. సెక్షన్‌లో క్లర్కు గడియారం చూసి, నన్ను చూసి, నిట్టూర్చి, పేజీలున్నాయో లేదో చూడటానికని మధ్యలో తెరిచాడు. అక్కడే ఆగి చదవసాగాడు. ఏ తప్పు పట్టుకున్నాడో అని నేను మెడ చాచి చూశాను. తర్వాత పక్క టేబులాయన్ని పిలిచి, “అబ్బా, ఈ తిట్టు సూడు, అచ్చం మా యమ్మే!” అని బయటికి చదవడం మొదలుపెట్టాడు. నలుగురు చేరారు. ఆ నవ్వుల మధ్యలో టపీమని ముద్ర పడింది. మా మామ పక్కనే నిలబడి గర్వంగా సీలింగు ఫ్యాను చూస్తున్నారు, ఆ తిట్టులో రెండు తరాలు ఆయనవే కదా.

ఆ తర్వాత కొన్నాళ్ళకి వైవా. కోస్తా నుంచి పెద్ద ప్రొఫెసరు ఎగ్జామినరుగా వచ్చారు. హాల్లో విద్యార్థులు, లెక్చరర్లు, వెనక వరసలో ఇస్త్రీ చొక్కాలో మా మామ. నేను పట్టుచీర కట్టుకున్నాను, ముందురోజంతా అద్దం ముందు సాధన చేశాను. ప్రశ్నలన్నింటికీ చక్కగా జవాబులు చెప్పాను. చివర్లో ఆయన కళ్ళజోడు తీసి, నవ్వుతూ, “అన్నీ బాగున్నాయమ్మా. ఒక్క సందేహం. ఈ ‘ఉండాది’ అనే రూపం ఇప్పటి చదువుకున్నవాళ్ళ నోట కూడా ఉందా? మీరు, మీ ఇంట్లో, అంటారా?” అని అడిగారు.

ఆ మాటల కోసం ఆటోలో ఏడ్చినదాన్ని. అవి తప్పులు కావని మామతో వాదించినదాన్ని. అవునండీ అంటామండీ అని ఎలుగెత్తి చెప్పాల్సినదాన్ని. హాలంతా నన్నే చూస్తోంది. నా చెయ్యి తనంతట తానే వెళ్ళి పట్టుకొంగు సర్దింది. గొంతు సవరించుకుని, “లేదండీ, మేము వాడమండీ. చదువుకోని పెద్దవాళ్ళలో మాత్రమే ఉందండీ” అన్నాను.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది.

“అబద్దం సార్!” మామ లేచి నిలబడ్డారు. “దినామూ అంటాది. నిన్న పొద్దున గూడా ‘మామా, సాంబార్లో ఉప్పెక్కువుండాది, పోసుకోవద్దండి’ అనింది. నేను ఈ సెవుల్తోనే విన్నా!”

హాలు ఘొల్లుమంది. ఎగ్జామినరు కళ్ళు తుడుచుకుంటూ, ఇంతకంటే ఆధారం నాకేమీ అక్కర్లేదమ్మా అని సంతకం పెట్టేశారు. నాకు మాత్రం భూమి చీలిపోతే బాగుండుననిపించింది. అందరూ వచ్చి చేతులు కలుపుతున్నారు, డాక్టరుగారూ అంటున్నారు, నా చెవులు మండుతున్నాయి.

మెట్లు దిగేటప్పుడు మామ నా పక్కన మెల్లగా నడుస్తూ, భయం భయంగా, “నలుగురిలో అట్ల మాట్లాడేసినా. బాగలేదా అమ్మా?” అని అడిగారు. ఆయన ముఖం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. నేను సిగ్గుపడి దాచిన మాటని ఆ వయసులో ఆయన లేచి నిలబడి అంతమందిలో చెప్పారు. ఇప్పుడు నన్ను అడుగుతున్నారు, బాగలేదా అని.

“లేదు మామా, శానా బాగుండాది” అన్నాను.

అని, ఎగ్జామినరుగానీ విన్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాను, పిచ్చిమొద్దుని.